ఎవరూ తరమని దారులు

తలుపు తీసిపెట్టి, తిరిగి చూసి చిక్కులు విప్పుకోమని పక్కకు తప్పుకునే వీడియో ఆటా, నీకు నమస్కారం.

నీలో అడుగుపెట్టగానే ఎవరూ చేతికి తుపాకీ ఇవ్వరు. తెర మూలన గడియారం వెనక్కి లెక్కపెట్టదు. ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో, ఎవరు మమ్మల్ని దాటిపోయారో చెప్పే పట్టిక ఉండదు. గాలి ఉంటుంది. గడ్డి ఉంటుంది. దూరంగా ఒక కొండ, కొండ మీద ఏదో వెలుగు. అటు పొమ్మని నువ్వు అనవు. వెళ్లాలని మాకే అనిపిస్తుంది. అలా అనిపించేదాకా ఓపిగ్గా ఊరుకోవడంలోనే నీ పనితనమంతా ఉంది.

పగలంతా ఎవరో ఒకరు తరుముతూ ఉండే మనుషులం మేము. ఆఫీసు గుమ్మంలో బయోమెట్రిక్ మిషన్ మీద వేలు పెట్టిన నిమిషం నుంచి రాత్రి ఆఖరి వాట్సాప్ మెసేజీ దాకా ప్రతి పనికీ ఒక గడువు, ప్రతి గడువుకీ ఒక గంట. పిల్లలకు చదువు, పరీక్ష, ర్యాంకు. పెద్దలకు టార్గెట్లు, వాయిదాలు. అలా అలసి వచ్చిన చేతుల్లోకి నువ్వు చేరి, "నీకు ఇష్టమైనంతసేపు చూడు" అంటావు. ఈ రోజుల్లో మాతో ఆ మాట అనేవాళ్లు ఎంతమంది?

నీ పుట్టుక చెప్పుకోవాలంటే ముందు ఒక గుహలోకి దిగాలి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అనే మహాగుహ ఉంది. మనిషికి తెలిసిన గుహల్లో అంతకంటే పొడవైనది లేదు. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ ఆ చీకట్లో పాకి, కొలిచి, పటాలు గీసినవాడు. భార్యతో విడిపోయాక, 1970ల నడిమిలో, తన కూతుళ్ల కోసం ఆ గుహను కంప్యూటర్లో మళ్లీ కట్టాడు. బొమ్మ ఒక్కటీ లేదు, అన్నీ మాటలే. ఎటు వెళ్తావో టైపు చేస్తే అక్కడేముందో తెర మీద అక్షరాలుగా వస్తుంది. 1977లో డాన్ వుడ్స్ అనే మరో ప్రోగ్రామర్ దానికి ఇంకా గదులు, ఇంకా వింతలు చేర్చాడు. నీ వంశంలో తొలితరం అదే. ఒక తండ్రి తాను చూసిన చోటును తన పిల్లలకు చూపించాలనుకున్నాడు. ఆ కోరిక ఇప్పటికీ నీ రక్తంలో ఉందని నా నమ్మకం. నిన్ను తయారుచేసేవాళ్లలో ఇవాళ్టికీ ఆ తండ్రి ముఖం కనిపిస్తుంది నాకు. "ఇటు రా, ఇది చూడు" అని పిలిచి, తాము మాత్రం వెనకే ఆగిపోతారు.

ఆ తర్వాత 1993లో వచ్చింది మిస్ట్. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అన్నదమ్ములు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ దగ్గర కూర్చుని, మెకింటాష్ కంప్యూటర్ మీద, హైపర్‌కార్డ్ అనే సాదా సాఫ్ట్‌వేర్‌తో ఒక దీవిని కట్టారు. సుమారు 2,500 కదలని బొమ్మలు. ఒక్కో నొక్కుకూ ఒక్కో బొమ్మ మారుతుంది. రేవు మీద నిలబడతాం. నొక్కితే మెట్లు. మళ్లీ నొక్కితే పచ్చిక మీద పడి ఉన్న ఒక ఉత్తరం. అలల చప్పుడు తప్ప అలికిడి లేదు. మనమెవరమో, ఎందుకొచ్చామో చెప్పేవాళ్లు లేరు. పెట్టెలో సీడీతో పాటు ఒక ఖాళీ నోటుపుస్తకం పెట్టి ఇచ్చారు. ఆటలో దొరికిన అంకెలు, గుర్తులు, అనుమానాలు అందులో రాసుకోవాలి. కంపెనీ మాన్యువల్ రాసి ఇవ్వడం లోకరీతి. ఇక్కడ తెల్ల కాగితాలిచ్చి, రాసుకునే పని మనకే వదిలేశారు. ఆటగాడి మీద ఎంత గౌరవం ఉంటే అలా ఇస్తారు!

ఆ ఆట అరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. చాలా ఏళ్లపాటు కంప్యూటర్ ఆటల్లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైనది అదే. చంపడం లేదు, గెలిచిన చప్పుడు లేదు, ఒక దీవిలో ఒంటరిగా తిరగడమే. అది కావాలనుకున్నవాళ్లు అన్ని లక్షలమంది ఉన్నారని అంతకుముందు ఎవరూ ఊహించినట్టు లేదు.

మిస్ట్‌లో ఇంకో సంగతి ఉంది. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. విషయం తెలిసినవాడు ఆ ఆటను కొద్ది నిమిషాల్లో ముగించేయగలడు. ఆఖరి గది దారి మొదటి నిమిషం నుంచీ అక్కడే ఉంది. దానికి ఇనప తాళం లేదు, కాపలా రాక్షసుడు లేడు. మనకు తెలియదు, అంతే. మనం దాని పక్కనుంచే వెళ్తాం, దాని ముందే నిలబడతాం, దాన్ని చూస్తూనే ఉంటాం. లోకాలన్నీ తిరిగి, పుస్తకాలన్నీ చదివి, శబ్దాలన్నీ విని, చివరికి మళ్లీ అదే చోటికి వస్తాం. చోటు మారలేదు. మనం తెలిసినవాళ్లమై వచ్చాం.

ఇదీ నీ అసలు మహిమ. మిగతా ఆటల్లో బలం పెరుగుతుంది, కత్తి పెరుగుతుంది, కవచం మందమవుతుంది. అదంతా ఆ బొమ్మమనిషికి చెందుతుంది. నీలో పెరిగేది ఆడుతున్న మనిషి బుర్రలోనే పెరుగుతుంది. ఆట మూసేశాక కూడా అది అక్కడే ఉంటుంది. కొనుక్కోవడానికి వీల్లేదు, అప్పు తెచ్చుకోవడానికి వీల్లేదు.

అమ్మమ్మ పొడుపుకథ వేసి, పిల్లలు ఎంత బతిమాలినా విడుపు చెప్పకుండా, వత్తులు చేసుకుంటూ నవ్వుతూ కూర్చుంటుందే, అదీ నీ పద్ధతి. చెప్పకపోవడంలోనే ఆవిడ ప్రేమ ఉంది. చెప్పేస్తే పిల్లాడికి ఒక జవాబు దొరుకుతుంది. చెప్పకుండా ఉంటే, ఏ అర్ధరాత్రో దుప్పటి తన్నేసి లేచి "తెలిసిపోయింది" అని అరిచే సంతోషం దొరుకుతుంది.

ఆ సంతోషానికి నేను చూసినంతలో ఔటర్ వైల్డ్స్ కట్టినంత పెద్ద గుడి ఇంకెవరూ కట్టలేదు. అలెక్స్ బీచమ్ అనే కుర్రవాడు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. పెరిగి పెరిగి 2019లో మొబియస్ డిజిటల్ అనే చిన్న సంస్థ నుంచి విడుదలైంది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని బాఫ్టా అవార్డుల వాళ్లు దాన్ని ఉత్తమ ఆటగా ఎంచారు. చెక్కలతో, రేకులతో కూర్చినట్టుండే ఒక చిన్న అంతరిక్ష నౌక, బుల్లి సౌరమండలం, నింపుకున్న ఆక్సిజన్. అంతే సామాను. ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఇరవై రెండు నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు. మళ్లీ నెగడు పక్కన, చెట్ల కింద, కళ్లు తెరుస్తాం. ఆకాశంలో పచ్చటి మహాగ్రహం తిరుగుతూ ఉంటుంది. చేతిలో ఉన్నవన్నీ పోతాయి. తెలుసుకున్నది మాత్రం పోదు.

గడియారం లేదని నిన్ను పొగిడి, ఇరవై రెండు నిమిషాల గడువున్న ఆటను నెత్తికెత్తుకోవడం ఏమిటని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కొత్తలో నాకూ ఆ భయం వేసింది. కాసేపు తిరిగాక అది జారిపోయింది. చావు అక్కడ శిక్ష కాదు. సంధ్యవేళ పిల్లల్ని ఇంట్లోకి పిలిచినట్టు పిలుస్తారు, మళ్లీ తెల్లవారుతుంది, మళ్లీ బయటికి పంపిస్తారు. పోగొట్టుకున్నాననే బాధ లేనప్పుడు తొందర దేనికి? ఒకసారి ఏ గ్రహానికీ పోకుండా నెగడు దగ్గరే కూర్చుని, పుల్లకు మార్ష్‌మెల్లో గుచ్చి కాల్చుకుంటూ, సూర్యుడు ఎర్రబడి ఉబ్బడాన్ని చూస్తూ ఉండిపోవచ్చు. ఆట ఏమీ అనదు.

ఆ సౌరమండలంలో జంట గ్రహాలున్నాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ. ఒకదాని మీద నుంచి ఇసుక స్తంభంలా లేచి, ఆకాశంలో పాయగా సాగి, రెండోదాని మీద కురుస్తూ ఉంటుంది. కురిసిన చోట గుహలు మెల్లగా నిండిపోతాయి. నేల నుంచి ఇసుక పైకి వస్తూ ఉంటే, పైకప్పు మీద ముళ్ల మొక్కల దాకా మనల్ని ఎత్తేస్తుంది. అదే సమయానికి మొదటి గ్రహం మీద ఇసుక తగ్గి, ఎప్పటివో బురుజులు ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. ఇక్కడ ఒక దారి మూసుకుంటోందంటే అక్కడ ఒకటి తెరుచుకుంటోందన్నమాట. ఎక్కడ ఉండాలి అన్నదానికన్నా ఎప్పుడు ఉండాలి అన్నదే ప్రశ్న అని అర్థమైన క్షణాన, నౌక కిటికీలోంచి ఆ ఇసుక పాయను చూస్తూ కదలకుండా ఉండిపోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఎవరూ ఆ సంగతి అక్షరాలా చెప్పరు. ఇసుకే చెబుతుంది.

ఇంకో చిన్న అద్భుతం. తోటి యాత్రికులు తలా ఒక చోట ఒంటరిగా ఉంటారు. ఒకరి దగ్గర బాంజో, ఒకరి దగ్గర వేణువు, ఒకరు డప్పు, ఒకరు మౌతార్గాన్, ఒకరిది ఒట్టి ఈల. చేతిలో ఉన్న పరికరాన్ని అటు తిప్పితే ఆ వాద్యం ఒక్కటే వినిపిస్తుంది. మండలం అంచుకు పోయి, వెనక్కి తిరిగి, అన్ని గ్రహాలూ ఒకే చూపులో పడేలా పట్టుకుంటే, విడివిడిగా ఒంటరిగా వినిపించినవన్నీ ఒకే పాటగా కలిసి వస్తాయి. వాళ్లెవరూ ఒకరినొకరు వినలేదు. దూరంగా పోయినవాడికే ఆ కచేరీ. ఆండ్రూ ప్రాలో కట్టిన ఆ బాణీని ఎక్కడ విన్నా నా చేతిలో పని ఆగిపోతుంది.

చూపును మార్చే విద్యలో నీకు ఇంకో గురువు ఉన్నాడు, ది విట్నెస్. జోనథన్ బ్లో తయారుచేసిన ఆట, 2016 జనవరిలో వచ్చింది. నిర్మానుష్యమైన దీవి, రంగురంగుల చెట్లు, అక్కడక్కడా పలకలు, పలకల మీద గీత గీయాల్సిన చిక్కులు. అయిదు వందలకు మించి ఉన్నాయి. ఇలా చేయి, అలా చేయి అని నియమం చెప్పే వాక్యం ఒక్కటి కూడా ఉండదు. మొదటి పలక మరీ తేలిక. రెండోది దానికన్నా కొంచెం. పదో పలకకు వచ్చేసరికి, ఎవరూ నేర్పని ఒక భాష మనకు వచ్చేసి ఉంటుంది. ఆ భాష వచ్చాక దీవిలో ఒక చోట కొండ మీద నిలబడి నదిని చూస్తే... ఇక్కడితో ఆపుతాను. ఇది చెప్పేస్తే మీ సొత్తు నేను కాజేసినట్టు అవుతుంది.

లండన్‌లో అస్టూ అనే సంస్థ 2014లో మాన్యుమెంట్ వ్యాలీని మొబైల్‌లోకి తెచ్చింది. ఐడా అనే తెల్లగౌను రాకుమారి, కూచిగా ఉన్న టోపీ, గులాబీరంగు బురుజులు, మొత్తం పది అధ్యాయాలు. ఒక పిడి పట్టుకుని తిప్పితే మేడ మొత్తం తిరుగుతుంది. తిరిగి ఒక కోణానికి వచ్చినప్పుడు, అంతదాకా ఆమడదూరాన ఉన్న రెండు గోడలు కలిసిపోయి దారి అవుతాయి. అలా కలవడం లోకంలో జరగదు. కాగితం మీద జరుగుతుంది. స్వీడన్ చిత్రకారుడు ఆస్కార్ రాయిటర్స్‌వార్డ్ 1934లోనే అలాంటి అసాధ్యమైన త్రికోణం గీశాడు. 1958లో లయొనెల్ పెన్‌రోజ్, రోజర్ పెన్‌రోజ్ తండ్రీకొడుకులు దాని మీద వ్యాసం రాశారు. అది చదివిన డచ్ చిత్రకారుడు ఎషర్, ఎక్కేకొద్దీ మొదటికే వచ్చే మెట్లనూ, పైకి పారి కిందికి దూకే జలపాతాన్నీ గీశాడు. వాళ్లందరూ దూరం నుంచి చూపించిన ఆ కట్టడం మీద మా చేతివేళ్లతో మమ్మల్ని నడిపించావు నువ్వు. పిడి తిప్పినప్పుడల్లా సన్నగా ఒక తీగ మీటిన స్వరం వస్తుంది. దారి కుదిరినప్పుడు ఆ స్వరం కూడా కుదురుతుంది. చెవికి ముందు తెలిసి, ఆనక కంటికి తెలుస్తుంది.

ఇవన్నీ తలచుకుంటే నీకు నడకా చిక్కూ రెండూ ఎందుకు కావాలో తెలుస్తుంది. చిక్కు లేని నడకలో కాసేపటికి కళ్లు మూతలు పడతాయి. నడక లేని చిక్కు పరీక్ష హాలును గుర్తుచేస్తుంది. నువ్వు ఒకదాన్ని ఇంకోదాని చేతికి అందిస్తావు. ఒక తలుపు తెరుచుకోకపోతే, పోనీలే అని సముద్రం ఒడ్డుకు పోతాం. అక్కడ గోడ మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మ ఆ తలుపు గురించేనని ఉన్నట్టుండి తడుతుంది. బుర్ర విశ్రాంతిలో ఉన్నప్పుడే అది తడుతుంది, మొండిగా కూర్చుని కుస్తీ పట్టినప్పుడు తట్టదు. రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల దంపతులు 1989లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి సంగతి చెప్పారు. పట్టుబట్టి నిలిపే ధ్యాస అలసిపోతుంది. ఆకులు ఊగడం, మబ్బులు కదలడం లాంటివి మనసును మెత్తగా పట్టుకుంటాయి, గుంజవు. ఆ మెత్తని పట్టులో అలసిన ధ్యాస కోలుకుంటుంది. వాళ్లు మాట్లాడింది నిజమైన చెట్ల గురించి. తెర మీది చెట్లు వాటికి సాటి రావని నాకు తెలుసు. కానీ మూడో అంతస్తు అద్దె గదిలో, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపించే మనిషికి, రాత్రి పదింటికి దొరికే చెట్లు నీ చెట్లే.

ఆ మనిషి కోసమే పుట్టినట్టుంటుంది ఎ షార్ట్ హైక్. 2019లో వచ్చింది. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యూ దాదాపు ఒంటిచేత్తో చేశాడు. స్వతంత్ర ఆటల పండుగలో 2020 ఏడాదికి అత్యున్నత బహుమతి దానికే ఇచ్చారు. క్లెయిర్ అనే చిన్న పక్షిపిల్ల సెలవులకు మే పిన్ని దగ్గరికి ఒక దీవికి వస్తుంది. ఆమెకు ఒక ఫోను రావాల్సి ఉంది. దీవిలో సిగ్నల్ లేదు. కొండ శిఖరం మీద అయితే అందుతుందట. కథ అంతే. కొండెక్కాలి.

నిటారుగా ఉన్న రాళ్లెక్కాలంటే బంగారు ఈకలు కావాలి. ఒక్కో ఈక దొరికితే ఇంకొంచెం ఎత్తు. ఈకల కోసం దీవి చుట్టాలి, అక్కడే మొదలవుతుంది జాప్యం. ఒక పిల్లాడు హారానికి గవ్వలు ఏరిపెట్టమంటాడు. ఒకరు తలకు కట్టుకునే అదృష్టపు పట్టీ పోయిందని దిగాలుగా ఉంటారు. ఒక చిత్రకారుడు ఎక్కడ కూర్చుని గీసినా తృప్తి లేక చోటు మారుస్తుంటాడు. ఇసుకలో కర్రతో బంతాట ఆడదామని ఇంకొకరు పిలుస్తారు. గాలం దొరికితే చేపలు. ఏదీ చేసి తీరాలని లేదు. చేయకపోతే ఎవరూ అలగరు. గవ్వ కోసం వంగినప్పుడు ఇంకో గవ్వ మెరుస్తుంది, దాని వెనకే పోతే ఒక వాగు. ఫోను సంగతి మరిచిపోతాం. తర్వాత ఎప్పుడో తలెత్తి చూస్తే కొండ అక్కడే ఉంటుంది, మనకోసం ఆగినట్టు.

శిఖరం దగ్గర మంచు, చలిగాలి. ఫోను మోగుతుంది. ఎవరు చేశారో, ఏం మాట్లాడారో నేను రాయను. మాట్లాడటం అయ్యాక కింద నుంచి వేడిగాలి లేస్తుంది. రెక్కలు చాచి అందులోకి దూకితే అది క్లెయిర్‌ను ఎత్తుకుంటుంది. అంతసేపు అడుగడుగునా నడిచి నేర్చుకున్న దీవి మొత్తం, గవ్వల పిల్లాడి ఒడ్డు, చిత్రకారుడి చెట్టు, వాగు, వంతెన, అన్నీ ఒక్క చుట్టులో కాళ్ల కింద కనిపిస్తాయి. ప్రతి మూలా పేరు పెట్టి పిలిచేంత తెలుసు ఇప్పుడు. మొత్తం గంటన్నర ఆట. ఆ గంటన్నరలో ఒక ఊరు మనదైపోతుంది.

జర్నీ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందులో మాటలే లేవు. 2012లో దట్‌గేమ్‌కంపెనీ చేసింది. దాన్ని నడిపించిన జెనోవా చెన్ షాంఘైలో పుట్టి అమెరికాకు చదువుకోవడానికి వచ్చినవాడు. ఎడారి, దూరంగా వెలిగే కొండ, ఎర్రని అంగీ. నడుమ ఎక్కడో ఇంకో యాత్రికుడు ఎదురవుతాడు. అతను ప్రపంచంలో ఏ మూలనో ఆడుతున్న నిజమైన మనిషి. ఆడుతున్నంతసేపూ పేరు కనిపించదు. మాట్లాడుకునే వీలు లేదు. గంట మోగినట్టు ఒక చిన్న స్వరంతో పిలవగలం, అంతే. తయారీలో ఉన్నప్పుడు ఒకరినొకరు తోసుకునే వీలుంటే ఆడేవాళ్లు తోసేసుకునేవాళ్లట. అందుకని ఆ వీలే తీసేశారు. దగ్గరగా వచ్చి తాకితే ఇద్దరి మెడగుడ్డలూ వెలిగి, ఎగిరే శక్తి నిండేలా చేశారు. దాంతో మంచుకొండ మీద గాలి కోసేస్తుంటే, ముక్కూముఖం తెలియని ఇద్దరు మనుషులు ఒకరి పక్కన ఒకరు నక్కి నడుస్తారు. మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎన్ని గ్రంథాలు రాశారో. ఇక్కడ నేల వాలును కొంచెం మార్చారు, మనుషులు మంచివైపు జారారు. ఆ పని చేసిన చేతులకు నా దండం. ఆ ఆటకు ఆస్టిన్ వింటరీ కట్టిన సంగీతం గ్రామీకి నామినేట్ అయింది, ఒక వీడియో గేమ్ మొత్తం సౌండ్‌ట్రాక్‌కు అంతకుముందు ఆ గౌరవం దక్కలేదు.

నీకు అడవులూ ఎడారులూ ఉండి తీరాలని కూడా లేదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కు చెందిన విచ్ బీమ్ వాళ్ల అన్‌ప్యాకింగ్‌లో ఉన్నది అట్టపెట్టెలే. ఒకమ్మాయి 1997 నుంచి 2018 దాకా ఇళ్లు మారుతూ ఉంటుంది. సామాను విప్పి సర్దడం మన పని. ఆమె ముఖం ఎక్కడా కనిపించదు. 2010లో ప్రియుడి ఫ్లాట్‌కు మారినప్పుడు ఆమె డిగ్రీ పట్టా తగిలించడానికి గోడ మీద చోటు దొరకదు. ఎక్కడ పెట్టినా కుదరదు. చివరికి మంచం కింద పెట్టాలి. నిశ్శబ్దంగా పెడతాం. ఆ ఇంట్లో ఆమె ఎలా ఉందో మన వేళ్లకు తెలిసిపోతుంది.

వంటింటికి కూడా వచ్చావు నువ్వు. 2023లో టొరంటోలోని విసై గేమ్స్ తెచ్చిన వెన్బాలో, 1980లలో కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ ఇల్లాలు ఉంటుంది. వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, తడిసి, సగం అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. మిగిలిన ముక్కల నుంచి అమ్మ చేతి వంటను మళ్లీ పట్టుకోవడమే చిక్కు. ఇడ్లీ దగ్గర మొదలు. పాత్రలో రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పేర్చడంలో కిటుకు ఉంది. పై రేకు గుంటలు కింది రేకు గుంటల మీద సరిగ్గా కూర్చుంటే ఆవిరి ఆడదు. కొంచెం తిప్పి, గుంటకూ గుంటకూ మధ్య సందు వచ్చేలా పెట్టాలి. కెనడాలోనో జర్మనీలోనో ఇడ్లీ ఎరుగని ఆటగాడు దీన్ని తల పట్టుకుని తేలుస్తాడు. మన ఇళ్లలో చేయి దానంతటదే తిప్పేస్తుంది. రోజూ పొద్దున్నే గ్యాసు ముందు నిద్రకళ్లతో మన అమ్మలు విప్పే చిక్కు అది. ఆ రేకు తిప్పుతున్నప్పుడు నాకు మొదటిసారి అనిపించింది, ఈ కిటుకు ఎవరు కనిపెట్టారో, ఎన్నిసార్లు ఇడ్లీలు అణిగిపోతే కనిపెట్టారో అని. చూసి చూసి చూడటం మానేసిన దాన్ని మళ్లీ చూపించావు. తెలుగు వంటింటి ఆట కూడా ఒకటి రావాలి. ఆవకాయ జాడీ, ఉప్పూ కారం ఆవపిండి పాళ్లు, అమ్మ చెప్పే 'కళ్లతో చూసి వేయడం', అంతకంటే మంచి చిక్కు ఎక్కడ దొరుకుతుంది? ఆటలు చేయడం నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, దీన్ని నా కోరికగా తీసుకోండి.

ఒక మాట కఠినంగా అనాలి. నీ వేషం వేసుకుని తిరిగేవి చాలా ఉన్నాయి. హాయిగా ఉంటుందని పేరు, మెత్తని రంగులు, తీయని సంగీతం. అయిదో మెట్టు దగ్గర ప్రాణాలు అయిపోయాయంటాయి. అరగంట ఆగు, లేదా డబ్బు కట్టు. ఆగలేవా, ఈ ప్రకటన చూడు. మూడు రోజులు రాకపోతే రాత్రి పదకొండింటికి ఫోను మోగించి, నీ తోట ఎండిపోతోందంటాయి. ఇది విశ్రాంతి కాదు, విశ్రాంతి పేరుతో ఇంకో యజమానిని ఇంట్లోకి తెచ్చుకోవడం. నీ లక్షణం ఒక్కటే గుర్తు పెట్టుకుంటే మోసపోం. నువ్వు ముగుస్తావు. ముగిసి, మమ్మల్ని పంపించేస్తావు. మళ్లీ రమ్మని వెంటపడవు.

నిన్ను ఆడే వాళ్లందరూ పిల్లలూ కుర్రాళ్లూ కారు. కీమోథెరపీ గదిలో కుర్చీలో వాలి మాన్యుమెంట్ వ్యాలీ పిడిని మెల్లగా తిప్పే ఒక పెద్దావిడను చూశాను. ఆవిడ అంతకుముందు ఆటలేవీ ఆడలేదట. మనవడు పెట్టి ఇచ్చాడు. మేడ తిరిగి దారి కుదిరినప్పుడు ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. పక్కన సెలైన్ బొట్టు బొట్టుగా దిగుతోంది. ఆవిడకు ఆ నిమిషాన తన మీద ఎవరి దయా అక్కర్లేని ఒక గెలుపు దొరికింది. ఆటల వల్ల సమయం వృథా అనేవాళ్లతో నేను వాదించను. వాళ్లకు ఆ కనుబొమలు చూపించగలిగితే బాగుండు.

చదువుతున్న మీకు చెప్పేది ఇంతే. మొదలుపెట్టడానికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు, మాన్యుమెంట్ వ్యాలీ మీ ఫోనులోనే ఆడవచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఒకటి ఖాళీ చేసుకోండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఎక్కడైనా చిక్కుకుపోతే యూట్యూబ్‌లో జవాబు వెతక్కండి. ఇంట్లో ఉన్న వాళ్లను, అమ్మనో తమ్ముణ్నో, పక్కన కూర్చోబెట్టుకుని "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. అప్పటికీ తేలకపోతే ఆట మూసేసి పడుకోండి, రేపు చూసుకోవచ్చు.